మారు వడ్డించిన గాలి

కృష్ణలంక, విజయవాడ
మే నెల, 2001

శ్రీవారికి, మీ దుర్గ నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం. ఆ మాట రాయగలుగుతున్నందుకే మొన్న కొండెక్కి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చాను, ఎందుకో చెప్తాను. బొంబాయి సముద్రంలో, ఆ చమురు బావుల దగ్గర మీరెలా ఉన్నారు? వేళకి తింటున్నారా?

పోయిన ఉత్తరంలో మీరడిగినవి ముందు చెప్తాను. పిల్లదాని దగ్గు తగ్గింది. సిలిండర్లు నింపే షెడ్డులోకి నూనె చేతులతో ఎవరినీ రానివ్వడం లేదు. ఆక్సిజన్ దగ్గర నూనె మరకున్నా భగ్గుమంటుందని మీరు రాసింది చదివి, మీ తమ్ముడు బాబీ తలకి నూనె రాయడమే మానేశాడు. జుట్టు పిచ్చుక గూడులా ఉంది.

డ్యాము గేట్ల అడుగున ఇరుక్కున్న మొద్దుల్ని నీళ్ళలో మునిగి తీసే పని వాడికే వచ్చింది. వేసవి అయినా అక్కడ లోతు ఎక్కువే. గాలిలో కాస్త ఆక్సిజన్ కలిపితే ఇంకొంత సేపు కింద ఉండొచ్చని మీరిద్దరూ నచ్చజెప్పినప్పుడు తల ఊపాను గానీ, మన పెరట్లో, గోంగూర మడి పక్కన, మనిషి పీల్చే గాలి తయారవుతుంటే నాకు ఒక్కరోజూ గుండె కుదురుగా లేదు. కూరలో ఉప్పెక్కువైతే పారబోస్తాం. ఆక్సిజన్ ఎక్కువైతే ఆ లోతులో విషమై ఫిట్స్ తెప్పిస్తుందని, నోట్లో గొట్టం జారిపోతే ఇక అంతేనని మీరే చెప్పారు. అసలు ఆ మాట నాకెందుకు చెప్పారండీ?

పోయిన సోమవారం బాబీ సిలిండర్లోకి ఆక్సిజన్ ఎక్కించి, కుళాయి కట్టేసి, వ్యాను డ్రైవరు రత్తయ్య పిలిస్తే గేటు దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి మిగతాది గాలితో నింపాడు. మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ నూటికి ముప్పై ఉండాల్సింది నలభై నాలుగు చూపించింది. మళ్ళీ పెట్టాడు. అదే.

"మీటరు ముసలిదైపోయింది వదినా. నేను గేజీ చూసే ఎక్కించా గదా!"

"కొత్తది తెప్పించుకుని వెళ్ళు బాబీ, నీకు పుణ్యముంటుంది."

"అది వచ్చేలోపు కాలవలకి నీళ్ళొదిలేస్తారు. నీకన్నీ భయాలే" అని నవ్వి, సిలిండర్లు వ్యానెక్కించి, అన్నం తిని చెయ్యి కడుక్కుని వెళ్ళాడు.

నేను కంచం తీస్తుంటే అత్తయ్య నా పక్కకొచ్చి గొప్పగా చెప్పింది.

"వాడు గీటు చూసుకుని ఆపేశాడే! ప్రాణవాయువు దగ్గర కూడా పిసినారితనమేంటి? అంత లోతుకెళ్ళే బిడ్డకి ఒక్కసారి పెట్టి ఊరుకుంటామా? వాడటు వెళ్ళగానే ఆ కుళాయి ఇంకాస్త తిప్పి కట్టేశా, మారు వడ్డించినట్టు."

ఎలా పరిగెత్తానో తెలీదు, కదిలిన వ్యానుకి అడ్డంగా నిలబడ్డాను. రత్తయ్య బ్రేకు తొక్కి నోటికొచ్చినట్టు తిట్టాడు. బాబీ దిగి విన్నాడు. వాడి మొహం పాలిపోయింది. సిలిండర్లు దించి, లోపలి గాలంతా పెరట్లోనే వదిలేశాడు. ఆ బుస ఆగేదాకా అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూర్చుంది.

ఇంతవరకూ రాయలేకపోయిన మాట ఒకటుంది. ఆ భయంలో నేను ఆవిడతో, "మీ చేతులతోనే మీ కొడుకుని చంపుకునేవారు" అన్నాను. ఆవిడ తిరిగి నన్ను తిట్టి ఉంటే బావుండేది.

రేపు బాబీ మళ్ళీ వెళ్తున్నాడు. కొత్తగా కలిపింది ముప్పై చూపించింది, నేనూ చూశాను. షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. అయినా భయం పోలేదు. మీరూ అక్కడ ఎవరో కలిపిన గాలే పీలుస్తున్నారని గుర్తొచ్చి ఈమధ్య నిద్ర పట్టడం లేదు.

ఇవాళ అన్నాల దగ్గర బాబీ కావాలనే కంచం ముందుకు జరిపి, "అమ్మా, ఇంకొంచెం పెట్టవే" అన్నాడు. ఆవిడ గరిటె ఎత్తింది. "ఎంత పెట్టాలో నాకు తెలీదు నాయనా" అని, గరిటె నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయింది.

మీరు సెలవు పెట్టి రండి. వచ్చి, ఆవిడ చేత్తో అన్నం పెట్టించుకుని తినండి. నేనడిగితే పెట్టదు.

ఇట్లు,
మీ భార్య
కనకదుర్గ