మా పిల్లలకు చెమట పట్టించండి

లిండ్‌హోమ్, జనవరి

ప్రెయిరీ ఫోర్క్ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్ డార్లా కుబిషెక్ గారికి ఆర్డిస్ టోర్గెర్సన్ నమస్కారాలతో రాసేది.

నేనెవరో మీకు తెలియదు. లిండ్‌హోమ్ జట్టులో పొడుగాటి జడ పిల్ల సిగ్నీ నా కూతురి కూతురు. నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

శనివారం మావాళ్లు మిమ్మల్ని యాభై ఒక్క పాయింట్ల తేడాతో ఓడించారు. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మా పిల్లలకు చెమట కూడా పట్టలేదమ్మా. లీగ్‌లో అందరినీ ఇలాగే ఓడిస్తారు. మార్చిలో జాతీయ పోటీలకు వెళతారు. అక్కడ మొదటిసారి ఎవరో గట్టిగా భుజం తగిలించేసరికి బిత్తరపోయి, మొదటి ఆటకే ఇంటిదారి పడతారు. మూడేళ్లుగా ఇదే వరస. వచ్చాక సిగ్నీ మేడమీద గదిలో దూరి తిండి మానేస్తుంది. నిరుడు ఎంత చిక్కిపోయిందంటే స్కర్టు జారకుండా పిన్నీసు పెట్టుకుంది.

టీవీలో టై కట్టుకున్నాయన బలహీనమైన లీగ్‌లో గెలిచిన గెలుపులు లెక్కలోకి రావన్నాడు. సిగ్నీతో "గెలుపు గెలుపే కదే" అన్నాను. "ఎవరి మీద అని అడుగుతారు అమ్మమ్మా" అంది. ఈ ఏడాదితో దాని చదువైపోతుంది. ఇదే ఆఖరి మార్చి.

కాబట్టి దయచేసి మీరు కొంచెం బాగా ఆడండి.

ఇట్లు,
దిగులుతో,
ఆర్డిస్

తా.క. మీ తొమ్మిదో నంబరు పిల్ల దగ్గుతోంది. ఛాతీకి ఏమైనా రాశారా?

*

ప్రెయిరీ ఫోర్క్, జనవరి

ఆర్డిస్ గారికి,

ఉత్తరం అందింది. యాభై ఒకటి తేడాతో గెలిచినవాళ్ల వైపు నుంచి ఫిర్యాదు వస్తుందని అనుకోలేదు.

టీవీ ఆయన చెప్పే ఆ బలహీనమైన లీగ్ ఎక్కడో లేదండి. అది మేమే. మాకున్నది ఎనిమిది మంది. అందులో ఇద్దరు వాలీబాల్ వాళ్లు, బతిమాలి తెచ్చుకున్నాను. బస్సు కూడా నేనే నడుపుతాను. ప్రయాణాల్లో పిల్లలకు చల్లటి శాండ్‌విచ్చే గతి. మీకు అంత ఆరాటంగా ఉంటే వేడివేడిగా వండి తెచ్చి పెట్టండి. అప్పుడు ఆడతారేమో.

ఇక సెలవు,
డార్లా కుబిషెక్

తా.క. తొమ్మిదో నంబరు పేరు బెకా. దగ్గు తగ్గింది. బోర్డు మీద మీ స్కోరు చూసినప్పటినుంచి కళ్లు తిరుగుతున్నాయంటోంది.

*

లిండ్‌హోమ్, ఫిబ్రవరి

అమ్మా డార్లా,

నోరు తెరిచి అడిగావు, సంతోషం. ఈ రోజుల్లో అడగడానికి కూడా మొహమాటపడి చస్తున్నారు జనం.

నిన్న మా ఊళ్లో ఆటకి మీవాళ్లు నలభై నాలుగు తేడాతోనే ఓడారు. ఇంకా తిండి పెట్టకముందే ఏడు పాయింట్లు మెరుగు. ఆట అయ్యాక నేనే స్వయంగా మీ బస్సులో గిన్నె పెట్టి వచ్చాను. అడుగున ఖీమా, పుట్టగొడుగుల సూపు, పైన ఎర్రగా కాల్చిన బంగాళాదుంప ముద్దలు. మంచులో నిలబడి అద్దంలోంచి చూశాను. పిల్లలు ఆవురావురుమని తిన్నారు. తర్వాత ఒక పిల్ల ఖాళీ గిన్నె పైకెత్తి అడుగున అంటించి ఉన్న కాగితం చదివింది. నా పేరు కోసం కాబోలు. ఇద్దరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నా వంట తిని ఒకరు కన్నీళ్లు పెట్టుకోవడం ఈ జన్మలో ఇదే చూడటం. ఇంటికొచ్చి నేనూ ఏడ్చాను.

ఇట్లు,
మీ ఆర్డిస్

తా.క. క్రిస్మస్‌కి నా గిన్నె పగిలింది. మీ దగ్గరున్నది చర్చి వంటింటిది. తొందరగా పంపించు తల్లీ.

*

ప్రెయిరీ ఫోర్క్, ఫిబ్రవరి

ఆర్డిస్ గారూ,

ఆ కాగితం మీద మీ పేరు లేదు. "లూథరన్ చర్చి మహిళా సంఘం. అంత్యక్రియలకు మాత్రమే" అని ఉంది.

ఆ వంట మా వైపు కూడా చావింటికే తీసుకెళతారు. పిల్లలు ముందు ఆకలిమీద ఆలోచించలేదు. కాగితం చదివాక బెకా, "మనం బతికుండగానే పెట్టేశారు, కోచ్" అంది. వండి తెమ్మన్నది ఎత్తిపొడుపండి. మీరు దానికి ఇంత జవాబిస్తారని అనుకోలేదు.

గిన్నె ఇప్పుడు మా డ్రెస్సింగ్ రూములో గోడకి వేలాడుతోంది. తెల్లవారకముందే వచ్చి, దాన్ని ఓసారి చేత్తో తట్టి, ప్రాక్టీసుకి దిగుతున్నారు. వాలీబాల్ పిల్లలు కూడా. నేను రమ్మనలేదు. వద్దన్నా వినడం లేదు.

డార్లా

తా.క. వంట మాత్రం బాగుంది. అదే వాళ్లకి ఇంకా కోపం తెప్పిస్తోంది.

*

లిండ్‌హోమ్, ఫిబ్రవరి

డార్లా తల్లీ,

చేతికందిన గిన్నె పట్టుకొచ్చాను తప్ప కాగితం చూడలేదు. ఏసు సాక్షి. మీరంతా నూరేళ్లు ఉండాలి.

ఇంకో భయం. మా చర్చి కాపలా చూసే ఎల్మర్‌కి గుండె బాగాలేదు. ఆదివారం చెయ్యి పట్టుకుని, "ఆర్డిస్, నా వంతు వచ్చేసరికి ఆ పెద్ద గిన్నె ఉంటుందిగా?" అన్నాడు. "ఎందుకుండదు ఎల్మర్" అన్నాను. చర్చిలో అబద్ధం ఆడాను.

కానీ ఒక్క మాట. మీవాళ్లు వరసగా గెలుస్తున్నారని, లీగ్ ఫైనల్ మనకీ మనకే అని విన్నాను. మా పిల్లలకు చెమట పట్టించండి. నాలుగు గీతలు పడనివ్వండి. తర్వాత రెండు పాయింట్లతో ఓడిపోండి. అంతకంటే ఎక్కువ అడగను.

ఇట్లు,
ఆర్డిస్

తా.క. ఎల్మర్ మళ్లీ అడిగాడు. తోముతున్నామని చెప్పాను.

*

లిండ్‌హోమ్, మార్చి

డార్లాకి,

రెండు పాయింట్లతో ఓడిపొమ్మన్నాను కదమ్మా. ఒక పాయింటుతో గెలిచారు.

అభినందనలు. ఈ మాట రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను.

ఓడినా పరవాలేదు, పోయినేళ్లలా జాతీయ పోటీలకు పిలుస్తారు అనుకున్నాను. నాకేం తెలుసు. పోయినేళ్లు వెళ్లింది లీగ్ గెలిచినందుకట. లీగ్‌కి ఒకటే చోటు, అది మీది. మిగతా చోట్లకి పెద్దలు కూర్చుని ఎంచుతారట. మావాళ్లు ఇరవై ఎనిమిది ఆటలు గెలిచారు. ఎవరి మీద గెలిచారని చూశారట. మీ మీద, మీలాంటివాళ్ల మీద. అంతే, పేరు కొట్టేశారు. నేను మొదటి ఆటలో ఓడతారేమోనని దిగులుపడ్డాను. ఇప్పుడు ఆ మొదటి ఆటే లేదు.

మీ పిల్లలు కప్పుతో పాటు గిన్నె కూడా పైకెత్తారు. నేను కోటు కాలర్‌లో మొహం దాచుకున్నాను. కానీ సిగ్నీ చూసింది. చిన్నప్పటినుంచి చర్చి వంటింట్లో ఆ గిన్నె తోమిన పిల్ల, గుర్తుపట్టదా? నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఇప్పుడు వెలుగు రాకముందే కారు తీసుకుని పోతుంది. చీకటి పడ్డాక వస్తుంది. "ఎక్కడికే?" అంటే "ఊరికే" అంటుంది. మోచేతుల మీద కమిలిన మచ్చలు. గది ముందు పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంటోంది. నేను దాని మంచి కోరి దాని ఆఖరి మార్చి తీసేశాను. చెప్పే ధైర్యం లేదు.

ఆర్డిస్

తా.క. ఇక గిన్నె గురించి అడగను. ఎల్మర్ కూడా అడిగే స్థితిలో లేడు.

*

ప్రెయిరీ ఫోర్క్, మార్చి

ఆర్డిస్ అమ్మమ్మకి,

ఇలా పిలవడం మీ సిగ్నీ దగ్గర అలవాటైంది. తానే చెబుతానంది, అందుకే ఇన్నాళ్లు రాయలేదు. నిన్నటికీ చెప్పలేదట. ఆమెకీ ధైర్యం లేదు. మీ పోలికే.

ఫైనల్ అయిన సోమవారం పొద్దున్నే మా జిమ్ తలుపు తట్టింది. "మా అమ్మమ్మ గిన్నె ఇచ్చేయండి" అంది. మీ ఉత్తరాల సంగతి చెప్పేశాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. గోడకి ఆనుకుని మా ప్రాక్టీసు చూసింది. "ఇలా ఆడితే అక్కడ మొదటి ఆటకే ఇంటికొస్తారు. మిమ్మల్ని ఎవరైనా గట్టిగా గుద్దాలి" అని, గిన్నె సంగతి వదిలేసి కోటు విప్పింది. మర్నాడు తనతో కోర్టులో దిగే మిగతా నలుగురినీ తెచ్చింది. పది రోజులు మా పిల్లల్ని గుద్దింది. మావాళ్లూ ఊరుకోలేదు, ఆ మచ్చలు అవే. మీ పళ్లెం పెట్టినట్టే ఉండటానికి కారణం, మా దగ్గర రెండేసి పళ్లాలు లాగించి రావడం.

మొదటి ఆట గెలిచాం. మా కాలేజీ పుట్టాక మొదటిసారి. రెండో ఆటలో ముప్పై తొమ్మిది తేడాతో ఓడాం. సిగ్నీ మా స్వెట్టర్ వేసుకుని మా బెంచి వెనక కూర్చుంది. తర్వాత బస్సులో బెకా కంటే ఎక్కువ ఏడ్చింది. నేనేం చెప్పను? ఆమె అక్కడ ఆడాలి, ఆడలేదు. నాలుగేళ్లు మమ్మల్ని ఓడించినందుకు ఆమెకి ఎవరూ విలువివ్వలేదు. మేం ఇస్తాం. ఆ దెబ్బలు తిన్నది మేమే కదా.

ఎల్మర్ గారు పోయారని పొద్దున సిగ్నీ ఫోన్ చేసి చెప్పింది. గిన్నె కోసం బయలుదేరింది. ఈ ఉత్తరం ఆమెతోనే పంపుతున్నాను. గిన్నె ఖాళీగా పంపడం లేదు, పిల్లలు వండారు. అడుగు కాస్త మాడింది.

మీ డార్లా

తా.క. అడుగున కాగితం చూడకండి. పిల్లలు "మాత్రమే" కొట్టేసి, "ఫైనల్స్‌కు కూడా" అని రాశారు.