పర్మిట్ మీద పసుపు

బావా,

నువ్వు పోయి నిన్నటితో ఏడాది. ఈరోజు మన అమ్మాయి గౌరి నీ పోర్టులోనే క్రేన్ ఆపరేటర్‌గా చేరింది. గేటులోంచి లోపలికి వెళ్లే పర్మిట్ ఇప్పుడు కాగితం కాదు, ప్లాస్టిక్ కార్డు. నీ పర్మిట్‌కి ఏటా చేసినట్టే, దాన్నీ సింహాద్రి అప్పన్న పటం ముందుంచి పసుపు పెట్టి పంపాను.

అది వెళ్లి క్యూఆర్ కోడ్ మీద పడిందట! గేటు దగ్గర మిషను కార్డుని చదవలేదు, గేటు తెరుచుకోలేదు, దాని వెనక లారీలన్నీ హారన్లు. గార్డు తన రుమాలుతో కార్డుని రుద్దుతూ, "ఏటి తల్లీ, కార్డుక్కూడా పూజ సేసీసినారా?" అన్నాడట. సాయంత్రం గౌరి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఇక్కడికి రాకముందు నువ్వు కొన్నాళ్లు పారాదీప్ పోర్టులో పనిచేసినప్పుడు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. నా పసుపు తగిలి పర్మిట్ మీద సంతకం అలికిపోయిందనీ, గార్డు తిట్టాడనీ రాశావు. అయినా వచ్చే ఏడాది మానొద్దు, కాస్త తక్కువ పెట్టు అన్నావు.

ఆ మాట దానికి చెప్పలేదు. "పోన్లేయే, ఇంకెప్పుడూ ఎట్టన్లే" అన్నాను.

అది కార్డు తిరగేసి నా చేతిలో పెట్టింది. "మానీమన్నానేటి? ఎనకాల ఎట్టు."

వెనకాలే పెట్టాను, బావా. తక్కువ పెట్టమన్న నీ మాట మాత్రం ఈసారీ వినలేదు.