కబురు ఎవరికి చెప్పాలి

అమ్మడూ,

నేను కులాసాగా ఉన్నాను. మొన్న కానిస్టేబుల్ ఇంటికొచ్చి మీ అమ్మ పేరు చెప్పి ఉన్నారా అని అడిగేసరికి, నాకేదో అయిందనుకుని గుమ్మంలోనే కూలబడ్డావని అత్త రాసింది. ఏమీ కాలేదు. డ్యూటీలో మా పోలీసులకేమైనా అయితే ఎవరికి కబురు చెప్పాలో సర్వీసు ఫారంలో రాస్తాం. ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉన్నారా అని హెడ్డాఫీసు ఈ ఏడాది అక్కడి స్టేషన్ చేత విచారణ చేయించింది.

మీ అమ్మ పోయాక మూడు బదిలీలయ్యాయి. మూడుసార్లూ పాత ఫారం చూసి ఆ పేరే దించేశాను. మర్చిపోయి కాదు, కొట్టేయడానికి చేతులు రాలేదు. తప్పు నాదే.

మా స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ కొత్త ఫారం తెచ్చి, "అమ్మాయిగారి పేరు రాసేద్దామా సార్?" అన్నాడు.

"దాన్నడక్కుండానా? నా చెవి మెలేస్తుందయ్యా," అన్నాను.

నీ పేరు రాయనా? రాస్తే ఏ కబురైనా ముందు నీకే వస్తుంది. నీకింకా పంతొమ్మిదేళ్లే. నా కోసమని సరే అనకు. వద్దంటే మామయ్య పేరు రాస్తాను, ఏమీ అనుకోను.

నీళ్ల మోటారు బాగు చేయించారా? అత్త మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ జవాబు వచ్చేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచమన్నాను. అందాకా ఒళ్లు దగ్గర పెట్టుకునే తిరుగుతాను.

ఆశీస్సులతో,
నాన్న