ఎర్ర దారం కట్టిన చేమంతులు

భూపాల్,

అన్నం హాట్‌బాక్సులో ఉన్నది, పప్పు వేడి చేసుకో. డ్యూటీ నుంచి వచ్చి తినకుండా పడుకోకు. లేచినంక బాల్కనీలో చేమంతి కుండీలకు ఒక్కో చెంబు నీళ్లు పొయ్యి.

ఎండిన పూలు మాత్రం ఇంక తెంపకు. మొన్న ఆదివారం నేను తార్నాక మార్కెట్‌కు పోయి వచ్చేసరికి అన్నీ తెంపేసినవ్. "ఎండిన పూలు ఇంట్ల ఉంచొద్దని అమ్మ అంటది" అన్నవ్. అత్తమ్మ చెప్పింది దేవుని పటం మీది దండ గురించి. మల్లె వాడితే రాలిపోతది, చేమంతి ఎండినా కాడను వదలదు. ఎన్ని రోజులు వదలదో చూసుడే నా పీహెచ్‌డీ. నలభై ఒక్క రోజులు చూసిన. క్యాంపస్‌లో మా మేడంకు ఇయ్యాల ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.

ఏ పువ్వు ఎప్పటిదో గుర్తుకు నేను కాడలకు కట్టిన ఎర్ర దారాలు విప్పి, ఉండ చుట్టి నా టేబుల్ మీద పెట్టినవ్. అంత జాగ్రత్తగా చుట్టినవని అప్పుడు నిన్ను ఏమీ అనలేకపోయిన. ఈ దారాలేందని ఒక్క మాట అడగరాదా? నువ్వు వచ్చేసరికి నేను పోత, నేను వచ్చేసరికి నువ్వు పోతవ్. చీటీలోనన్నా అడగొచ్చు కదా.

మూల కుండీలో ఇంకా ఎండని మూడు పూలు మిగిలినయ్. ఆ దారాలే మళ్లీ కట్టిన.

శైలజ

ఫ్రిజ్‌కు అంటించిన నీ చీటీ పాతదని పీకెయ్యకు. "పాలు విరిగినయ్, చాయ్ పెట్టలే" అని జూలైలో రాసినవ్. ఆ తర్వాత నువ్వు నాకు ఏమీ రాయలేదు.