మోటరు అమ్మకు ఫోన్ చేసింది

బాపూ,

ఈ రోజు మన బావి మోటరు అమ్మకు ఫోన్ చేసింది. ఈ సంగతి ముందు నీకే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ దాన్ని ముట్టలేదు. రెండేళ్లు పొలం ఎండింది. కాలేజీలో నేర్చుకున్నదంతా పెట్టి, ఇంటి నుంచే ఫోన్‌తో మోటరు నడిచేలా చేశాను. నడవగానే అది అమ్మకు ఫోన్ చేసి, నేను రికార్డు చేసిన గొంతుతో "మోటారు ప్రారంభమైనది" అని చెప్పింది.

"గట్ల ఎవలు మాట్లాడుతరే మనింట్ల?" అని అమ్మ నవ్వింది. మార్చాను. ఇప్పుడది "అమ్మా, నీళ్లొస్తున్నయ్" అంటే, అమ్మ "సరే బిడ్డ, తిన్నవా?" అని దాన్నే అడుగుతోంది.

కరెంటు పోతే ఏం చెప్పించాలన్నదే మిగిలింది. "మీ బాపు తిట్టే తిట్టు పెట్టు" అంటోంది అమ్మ. శుక్రవారం దేవరుప్పులలో చిన్నత్త బావికీ ఇలాంటిదే బిగిస్తున్నాను. గురువారంలోపు చెప్పు, రెండింట్లోనూ నీ తిట్టే పెట్టనా?