యోనాగి బ్యాలడ్లు

7 నవంబర్ 2025, శుక్రవారం

జుమా అయ్యాక నాయన కారులో సముద్రం దాకా వెళ్లాం. దారిలో నా పెన్ డ్రైవ్ పెట్టాను. యోనాగి, జపాన్ హెవీ మెటల్ బ్యాండు. ఆడియాలజీ, అంటే వినికిడి వైద్యం, చదివేటప్పుడు హాస్టల్ రూమ్మేట్ ఆసిఫా అంటించిన పిచ్చి. ఏడు ఆల్బములు, మూడు లైవ్ రికార్డింగులు ఉన్నాయి నా దగ్గర. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే కాబట్టి నేనేం విన్నా నాయన దాన్ని చదువు కిందే జమకడతాడు. అయినా డ్రమ్స్ మొదలవగానే, ఏంది పాపా ఇది, ప్లాంటులో నా కంప్రెసర్లే నయం గదా అన్నాడు.

సరేనని వాళ్ల నెమ్మది పాట, బ్యాలడ్ ఒకటి పెట్టాను. మొదటి నిమిషమంతా పియానో ఒక్కటే, పై స్థాయిలో, చాలా మెల్లగా.

ఊరికే అంటి, దానికే ఆపేసినావా అన్నాడు.

నేను ఆపలేదు. పాట నడుస్తూనే ఉంది.

9 నవంబర్

ఈ అరబ్బు దేశానికి వచ్చినప్పటి నుంచి, ఇరవై రెండేళ్లుగా, నాయనకు కంప్రెసర్ల మధ్యే పని. ఏటా వినికిడి పరీక్ష పాసవుతూనే ఉన్నాడు. ఎలా అని అడిగాను. నవ్వాడు. బూత్ అద్దంలోంచి టెక్నీషియన్ వేలు చూస్తాడట. వేలు శబ్దం వదిలే బటన్ మీద వాలగానే చెయ్యెత్తేస్తాడట. అందురూ అంతేలే పాపా అన్నాడు.

ఈ ఏడు ప్లాంటు పరీక్షలు నేను పనిచేసే క్లినిక్‌కు వచ్చాయి, ఆ వేలు నాది. పరీక్ష 16న.

11 నవంబర్

నాయనే అడిగేశాడు. గ్రాఫులో చుక్కలు రవ్వంత పైకి పెడితే సాలు, నీ చేతిలో పనే గదా. లేదంటే వీసా తీసేసి ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపుతారు, తమ్ముని కాలేజీ ఏమైతాది అన్నాడు.

12 నవంబర్

పెట్టను. ఆ మాట ఇంకా నాయనకు చెప్పలేదు.

16 నవంబర్

పొద్దున్నే మా క్లినిక్ సీనియర్ హలీమా ఆపాకు అంతా చెప్పేశాను. నీ అబ్బకు నువ్వెట్ల జేస్తవ్, జరుగు, నేను జేస్తా అంది. ఆమెది హైదరాబాద్. నాయన బూత్‌లోకి రాగానే, గోడ దిక్కు తిరిగి కూసోండి చాచా, నా ఏలు ఏం సక్కగుంటదని జూస్తరు అంది.

నాయన నవ్వలేదు. నా వైపు చూసి, గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు.

చాలాసేపు చెయ్యి లేవలేదు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని శబ్దానికి, అరవై ఐదు డెసిబెల్స్ దాకా పెంచాల్సి వచ్చింది; ఇరవై ఐదు లోపే వినపడాలి.

నాతో మాట్లాడకుండా కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయాడు.

19 నవంబర్

ఇయర్‌ఫోన్స్ ముట్టుకోలేదు. హలీమా ఆపా రిపోర్టుతో పాటు ప్లాంటుకు లెటర్ పంపింది: మనిషిని శబ్దం లేని చోటికి మార్చండి, వినికిడి మిషన్లు ఇప్పించండి అని. ఎగ్జిట్ కాక ఇలాంటి దారి కూడా ఉందని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. నాయనకు చెప్పి ఉండాల్సింది.

27 నవంబర్

ఎగ్జిట్ లేదు! స్పేర్‌పార్ట్స్ స్టోర్‌లో వేశారు. సాయంత్రం వచ్చి, ఆ ఏసీలో కూసుంటే కాళ్లు ఐసైపోతాండాయి పాపా, మందం సాక్సులు కొనుక్కురా అన్నాడు. పదకొండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. రెండు జతలు కొన్నాను.

23 జనవరి 2026, శుక్రవారం

నిన్న నాయనకు వినికిడి మిషన్లు వచ్చాయి. ఈ రోజు అదే దారి. అదే బ్యాలడ్, ఈసారి జనం ముందు వాయించిన లైవ్ రికార్డింగు. పియానో మొదలైంది. నాయన కారు పక్కకు తీసి ఆపాడు.

ఎవురో దగ్గుతాండారు పాపా అన్నాడు.

ఐదేళ్లుగా వింటున్నాను, దగ్గేం లేదు నాయనా అన్నాను. వెనక్కి తిప్పాను.

ఉంది. రెండుసార్లు.