పదకొండు బళ్లు, ఒక పెట్టె

దారెస్సలాం,
సెప్టెంబరు 3, సోమవారం

కజూబి హాల్టు పార్సిలు గోడౌను పెద్దలు బిహాగా గారికి,

షికమో.

ఈరోజు పొద్దున్నే ఒక వింత జరిగింది. రైలు చెప్పిన వేళకే కదిలింది. ఆఖరి నిమిషంలో చేద్దామనుకున్న మా పనులన్నీ ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయాయి. మీకు రాయవలసిన ఈ ఉత్తరం అందులో ఒకటి. అందుకే దీన్ని వెనక వచ్చే రైలు గార్డు చేతికి ఇస్తున్నాను. మీ పేరు చెప్పింది కూడా ఆయనే.

నా పేరు హిదాయా. కాలేజీలో రెండో సంవత్సరం. మా పేటలోని ‘నత్తలు’ అనే మోటారు సైకిళ్ల సంఘానికి కార్యదర్శిని. నాకు బండి నడపడం రాదు, రాయడం వచ్చు, అందుకని ఆ పదవి నాకిచ్చారు. మీకు చేరేవి పదకొండు బళ్లు, ఒక పొడవాటి పెట్టె. బళ్లలో పెట్రోలు పూర్తిగా తీసేశాం. పదకొండుమందీ పద్నాలుగో తేదీ రైలెక్కుతారు. సరస్సు ఒడ్డున ఉన్న మీ ఊరి నుంచి సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి దాకా, దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, బళ్ల మీద తిరిగి వస్తారు.

ఇదంతా మా సలేహ్ తాత కోసం. ఆయనకు డెబ్బై ఒకటి. నెలాఖరుకు లైసెన్సు అయిపోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కానీ పక్కనున్న గుంటలు ఆనవు, ఇంకోసారి సంతకం పెట్టనని డాక్టరు చెప్పేశారు. కూతుళ్లు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: వెనక సీట్లో ఎవరో ఒకరు కూర్చుని దారి చెబుతూ ఉండాలి, లేకపోతే ఆయన రైల్లోనే వెనక్కి రావాలి. ఆ సీటు నాదే. కానీ పరీక్ష పదిహేడుకు మారింది. ఇంకొకరిని వెతుకుతున్నాను.

మీ మనవరాలి వంటిది,
హిదాయా

తా.క. పెట్టెలో ఏముందో రాసిన కాగితం పెట్టెలోనే ఉండిపోయింది. మా కోండో మామ మూతకు మేకులు కొట్టేశాక గుర్తొచ్చింది. పెట్టెను మాత్రం ఎండలో ఉంచకండి.

*

కజూబి హాల్టు,
సెప్టెంబరు 7, శుక్రవారం

బిడ్డా హిదాయాకు,

మరహబా. దుఃఖంలో ఉండి కూడా పెద్దవాళ్లకు నమస్కారం మరిచిపోలేదు. మంచి పెంపకం.

బుధవారం వ్యాగను తలుపు తీశాను. ముందు బళ్లు, వాటి మధ్యన ఆ పెట్టె. ఇత్తడి పిడులు చూడగానే టోపీ తీశాను. కూలీలు కూడా గట్టిగా మాట్లాడటం మానేశారు. వివరాలు అడగను. చెప్పాలనిపించినప్పుడు మీరే చెబుతారు. పెట్టెను గోడౌనులో చల్లని మూల పెట్టాను. చేపల వర్తకుడు రోజూ మంచు పంపుతున్నాడు. అయినా నిన్నటి నుంచి కొంచెం వాసన. తప్పుగా అనుకోవద్దు, చెప్పక తప్పదని చెబుతున్నాను.

మీ వాళ్లు మసీదుకు వెళ్లేవారా, చర్చికి వెళ్లేవారా? తెలిస్తే అందుకు తగినట్టు చూస్తాం.

ఇరవై ఏడేళ్లుగా ఈ గోడౌనులో ఉన్నాను. ఎన్ని బళ్లు దించానో, ఎన్ని ఎక్కించానో. ఒక్కదాని మీదా కూర్చోలేదు. ఇలాంటి కబురు మీద వచ్చిన బళ్లను ముట్టుకోవడానికే చేయి ఆడటం లేదు.

కానీ రూలు రూలే తల్లీ. అటువంటి పెట్టెకు అనుమతి పత్రం ఉండాలి. అది చేరేదాకా పెట్టెను గానీ, దానితో వచ్చిన బళ్లను గానీ వదలలేను.

మీ దుఃఖంలో పాలుపంచుకునే,
యోహానా బిహాగా

తా.క. ఫోను చేయవద్దు. సిగ్నలు కొండ మీద ఉంది, నా మోకాళ్లు కొండ కింద ఉన్నాయి.

*

దారెస్సలాం,
సెప్టెంబరు 10, సోమవారం

బిహాగా తాతయ్యకు,

షికమో. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పై ఊళ్లలో మర్యాద ఎక్కువని మా అమ్మ అంటుంటే నమ్మేదాన్ని కాదు. సామానుకు టోపీ తీసే మనిషి గురించి ఇదే మొదటిసారి వినడం. నా పరీక్ష గురించి అంత దుఃఖపడటం కూడా మీ మంచితనమే.

వాసన సంగతి చదివి సిగ్గుపడ్డాను. తప్పు నాదే. ఉప్పు పట్టించినదాన్ని నేనే, తొందరలో ఒకవైపే పట్టించాను. వాసన తగిలాక లోపలున్నదేమిటో మీకు వేరే చెప్పాలా! మీ మంచుకు అందరం రుణపడ్డాం.

మా సంఘంలో మసీదువాళ్లూ ఉన్నారు, చర్చివాళ్లూ ఉన్నారు. భోజనం దగ్గర తేడా లేదు.

అనుమతి పత్రం దీనితో పంపుతున్నాను. పెట్టె చేసింది కోండో మామ, ఆయన వృత్తే అది. మంచి నింగా కలప, నలభై ఏళ్లయినా చెద పట్టదని ఆయన మాట. కొలత తప్పకూడదని సలేహ్ తాతను పలక మీద పడుకోబెట్టి గీత గీశారు. తాత లేచి, “కాళ్ల దగ్గర ఇంకో బెత్తెడు వదులు” అన్నాడట.

వెనక సీటుకు మనిషి దొరకలేదు. మా చిన్నాన్న కొడుకు వస్తానన్నాడు, తాత బండి చప్పుడు విని రానన్నాడు. తాత మాత్రం ఎవరో ఒకరు దొరుకుతారంటూ రోజూ బూట్లు తుడుచుకుంటున్నారు. దొరక్కపోతే తాత ఎర్ర బండిని మళ్లీ మీరే రైలెక్కించాలి. ఆ మాట ఆయనతో నేను అనలేదు, మీరూ అనకండి.

హిదాయా

తా.క. పెట్టె తెరిచినప్పుడు మీ ఊరివాళ్లందరికీ తలా ఒక ముక్క పెట్టమన్నారు తాత. మొహమాటపడొద్దు.

*

కజూబి హాల్టు,
సెప్టెంబరు 12, బుధవారం

బిడ్డా,

నీ తాజా కలం చదివాక కాసేపు గోడౌను బయట కూర్చున్నాను. దుఃఖం మనిషి చేత ఏమేమో రాయిస్తుంది. ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చింపలేదు కూడా, రికార్డు కదా.

నువ్వు పంపినది అటవీ శాఖవారి కలప పత్రం. చెక్కకు అనుమతి ఉంది సరే, లోపలున్న మనిషికి? మా ఊరి పెద్ద నా అవస్థ చూసి తనే ఒక పత్రం రాసిచ్చాడు. పేరు దగ్గర ఖాళీ వదిలాడు. మీ వాళ్లు దిగగానే పేరు రాసి, కార్యం ముగించి, బళ్లు అప్పగిస్తాను.

ఇక్కడ అన్నీ సిద్ధం. మా దగ్గర బళ్లవాడు పోతే తోటి బళ్లవాళ్లే వరసకట్టి సాగనంపుతారు. పదకొండు బళ్లు వచ్చాయంటే ఎంత మంచివాడో అని ఊరంతా అనుకుంటోంది. సరస్సు కనిపించే చోట గొయ్యి తవ్వించాం. ఇమాము గారికీ చెప్పాం, చర్చి పాటల బృందానికీ చెప్పాం. ఎవరు ముందన్న దగ్గర చిన్న మాటామాటా వచ్చింది, సర్దుకుంది.

బిహాగా

తా.క. కాళ్ల దగ్గర బెత్తెడు వదులు మేమూ వదిలాం.

*

దారెస్సలాం,
సెప్టెంబరు 15, శనివారం

తాతయ్యా,

మీ ఉత్తరం ఈ ఉదయం అందింది. మా వాళ్లు నిన్ననే రైలెక్కారు. మధ్యలో ఫోన్లు అందటం లేదు. ఇది సోమవారం రైలుకు గానీ రాదు, అప్పటికి ఏం జరగాలో అది జరిగిపోతుంది. అయినా రాయకుండా ఉండలేను.

ఎవరూ పోలేదు. పెట్టెలో ఉన్నది డేరా, ఉగాలి సంకటి వండే కుండ, రెండు చెయిన్లు, సలేహ్ తాతకు కూతుళ్లిచ్చిన చేతికర్ర, పన్నెండు కిలోల ఎండు సొరచేప. డేరా గుంజలు సరిగ్గా తాతంత పొడవు. ఆ పూట కొలతటేపు కనిపించలేదు, తాత కనిపించాడు. కోండో మామ శవపేటికలు చేస్తాడు, ఆయనకు వేరే ఆకారం రాదు.

ఇంతకాలం మాటలంటే ఇష్టమని చెప్పుకు తిరిగాను. ‘సొరచేప’ అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. క్షమించండి.

హిదాయా

తా.క. తాత గుండె గట్టిదే. గొయ్యి మాత్రం ముందుగా చూపించకండి.

*

కజూబి హాల్టు,
సెప్టెంబరు 16, ఆదివారం సాయంత్రం

బిడ్డా హిదాయాకు,

మధ్యాహ్నం రైలు ఆగింది. ఊరంతా స్టేషనులోనే ఉంది. ముందు దిగింది మీ సలేహ్ తాత. తలలు కప్పుకున్న ఆడవాళ్లను చూశాడు, పాట విన్నాడు, నేరుగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఎంత కష్టం వచ్చింది నాయనా మీ ఊరికి” అన్నాడు. “కష్టం మీది పెద్దాయనా, మాదేముంది” అన్నాను. “ఎవరిదైతేనేం” అన్నాడు. ఎంత గొప్పగా అన్నాడో అనుకున్నాను.

గంటసేపు చాపల మీద కూర్చుని ఒకరినొకరు ఓదార్చుకున్నాం. బీన్సూ అన్నమూ తిన్నాం. మీ కోండో మామ అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. ఏ ఊళ్లో ఎవరు పోయినా ఆయన అలాగే ఏడుస్తాడట, వృత్తి మర్యాద. పెట్టె మీద మా ఆడవాళ్లు కాంగా బట్టలు కప్పారు, అందుకే దాన్ని ఆయన కూడా పోల్చుకోలేదు. మీ వాళ్లే భుజాన మోశారు. అతిథులు మోయడం ఇక్కడి ఆచారమేమో అనుకున్నారట.

గొయ్యి దగ్గర పత్రం తీసి, కలం పట్టుకుని, సలేహ్ గారిని మెల్లగా అడిగాను.

“పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“నాకేం తెలుసయ్యా, మీ ఊరివాడేగా?”

“మా ఊరివాడేమిటి? మీ పెట్టెలోనే కదా వచ్చాడు.”

కోండో కాంగా ఎత్తి చూశాడు. “ఇది నా పెట్టె. ఇందులో మన డేరా ఉంది” అన్నాడు. మేకులు పీకారు. వాసనతో పాటు నిజమూ బయటికొచ్చింది. ముందు నవ్వింది ఇమాము గారు.

అందరం నవ్వాం గానీ గొయ్యి అలాగే ఉంది. మనిషి కోసమని తవ్విన గొయ్యిని మా దగ్గర ఖాళీగా పూడ్చరు, రాత్రికి తెరిచీ ఉంచరు. ఇలాంటప్పుడు అరటి బోదె వేస్తారని ముసలమ్మ ఎస్తేరి చెప్పింది. కుర్రాళ్లు కత్తి తీసుకుని బయలుదేరారు. సలేహ్ గారు ఆగమన్నారు. పెట్టెలోంచి ఆ చేతికర్ర తీసి, ఒకసారి బరువు చూసి, గొయ్యిలో దించారు. “ఇక మట్టి వేయండి” అన్నారు. పత్రం మీద ఖాళీ పూరించాను: చేతికర్ర, వయసు రెండు నెలలు. రికార్డు సరిపోయింది.

బళ్లన్నీ అప్పగించాను. ఆఖరుగా సలేహ్ గారి ఎర్ర బండి. వెనక సీటు ఖాళీగా ఉంది. సలేహ్ గారు దాన్ని గుడ్డతో తుడుస్తూ, రైలు మళ్లీ ఎప్పుడని నన్నడిగారు. నువ్వు చెప్పొద్దన్న మాట ఆయనకు ముందే తెలుసు బిడ్డా.

పక్క గుంటలు చూడటానికి రెండు కళ్లు చాలు కదా. నాకున్నాయి. ఇరవై ఏడేళ్ల సెలవులు కూడా ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు. స్టేషను మాస్టరు ముందు నవ్వాడు, తర్వాత సంతకం పెట్టాడు. గోడౌను తాళాలు ఆయనకే ఇచ్చేశాను. సీటెక్కి చూశాను. మోకాళ్లు కొండకు పనికిరావు గానీ దీనికి పనికొస్తాయి.

రేపు తెల్లవారుజామున, సరస్సు మీద చేపల పడవల దీపాలు ఆరకముందే బయలుదేరుతున్నాం. మొదటి గుంట మా స్టేషను గేటు దగ్గరే ఉంది, ఎడమవైపు. రేపు నేను మొట్టమొదట చెప్పబోయే మాట అదే.

నీ తాతయ్య,
యోహానా బిహాగా

తా.క. సొరచేప తలా ఒక ముక్క పంచాం. ఒకవైపు ఉప్పు తక్కువే.